వచ్చిన యాత్రికుడు మరల వచ్చుటెట్లు?

మన చిన్న ఊళ్ళను చూడవచ్చు యాత్రికులను గురించి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఊరికి క్రొత్తవారు వచ్చుట ఒక యెత్తు. వచ్చినవారు మరల వచ్చుట మరియొక యెత్తు. మొదటిదానికి ఊరి పేరు చాలును. రెండవదానికి ఊరివారి పూనిక కావలెను.

లేపాక్షిని ఉదాహరణముగా గైకొందము. ఈ యూరు హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. పదునారవ శతాబ్దమున, విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు ఇచ్చట వీరభద్రాలయమును కట్టించిరి. ఆలయమునకు కొంత దూరమున ఒకే రాతిలో మలచిన బసవన్న కలడు; ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. ఈ యాలయమును, బసవన్నను 2022వ సంవత్సరమున యునెస్కోవారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాయందు చేర్చిరి.

బెంగుళూరినుండి ఉదయమున బయలుదేరి వచ్చినవాడు ఏమి చేయును? బసవన్న యెదుట ఫోటో తీయించుకొనును. వ్రేలాడు స్తంభము క్రింద కండువా దూర్చి, ఆవలి ప్రక్కనుండి లాగి ఆశ్చర్యపడును. నాగలింగమునకు మ్రొక్కును. రెండు గంటలలో అంతయు చూచితినని తలచి, చీకటి పడకమునుపే ఇల్లు చేరును. ఊరిలో అతడు విడిచిన సొమ్ము టీనీళ్ళకు, కొబ్బరికాయకు సరి. ఇంకను చూడవలసినది కలదని చెప్పువారు లేనిచో అతని తప్పేమి?

మరల వచ్చువానివలన కలుగు లాభము వేరు. క్రొత్తవానిని రప్పించుటకు ప్రకటనలు కావలెను. తెలిసినవాడు తనంతట తానే వచ్చును, తోడుగా నలుగురిని తెచ్చును. క్రొత్తవాడు త్రోవ వెదకుకొనుటలోనే ప్రొద్దు పుచ్చును. తెలిసినవాడు రాత్రి నిలుచును, పూటకూళ్ళ యింట భుజించును, నేతపని చూచి చీర కొనును. క్రొత్తవారు పండుగనాడు, సెలవునాడు గుంపుగా వత్తురు. తెలిసినవాడు సందడిలేని దినము చూచుకొని వచ్చును. అందువలన ఆటో నడుపువానికి, పూలమ్మునామెకు ఏడాది పొడవున బత్తెము దొరకును. వానలు తక్కువైన ఆ సీమలో ఇది చిన్న మాట కాదు. సేద్యము గిట్టక పట్టణము చేరు పిల్లలలో కొందరైనను ఇంటిపట్టున నిలుచుటకు ఇది యొక యాధారము.

ఇక ఉపాయములు. మొదటిది: ఒక్కమారే అంతయు చూపబోరాదు. లేపాక్షి మండపముల పైకప్పున వర్ణచిత్రము లున్నవి. కిరాతార్జునీయము, పార్వతీకల్యాణము, ఆవుదూడకై కన్నకొడుకునే దండించిన మనునీతి చోళుని కథ అందు కలవు. మెడ పైకెత్తి చూడవలసినవి గనుక ఒక పూటలో రెండు మూడింటిని మించి మనసునకు పట్టవు. వానిలో నొక కథను చక్కగా చెప్పి, తక్కినవి మరల వచ్చినపుడు విందురుగాక అని పంపవలెను. పురాణము చెప్పువారు రేపటి కథకు ఆశ నిలిపి నేటి కథ ముగించుట మీరెరుగనిది కాదు.

రెండవది: చుట్టుపట్ల ఊళ్ళు కలిసికట్టుగా నుండవలెను. లేపాక్షి లతామండపపు స్తంభములమీద చెక్కిన తీగెలు, పూలు, పక్షుల నమూనాలు చీర అంచులకు ఎక్కినవి. వానిని చూచినవాడు మరియొకమారు ధర్మవరపు పట్టుమగ్గముల యొద్దకు పోవచ్చును. ధర్మవరపు మండలములోనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేయు కుటుంబము లున్నవి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుగొండయు ఆ ప్రాంతముననే కలదు. ఇవి నాలుగు రాకలకు నాలుగు కారణములు.

మూడవది: ధర న్యాయముగాను, బాహాటముగాను ఉండవలెను. ఆటో కిరాయి, గది అద్దె, భోజనపు వెల పలకమీద వ్రాసి కట్టవలెను. ఒకనియొద్ద పది రూపాయలు ఎక్కువ గుంజిన ఆ పదియే దక్కును. అతడు తన యూరిలో చెప్పు మాటవలన పదిమంది మన త్రోవ త్రొక్కరు.

నాలుగవది: త్రాగునీరు, మరుగుదొడ్డి, కూర్చుండుటకు నీడ. ముసలి తల్లిదండ్రులను, పసిబిడ్డలను తోడ్కొని వచ్చువాడు మొదట చూచునవి ఇవియే.

ఐదవది: వచ్చినవానిని గుర్తుంచుకొనుట. గయలో పండాలు యాత్రికుల వంశములవారి పేర్లు పుస్తకములలో వ్రాసియుంచుదురు. తాత పేరు చూచిన మనుమడు వేరొక యింటికి పోవునా? మన బసయిండ్లవారు అంత చేయనక్కరలేదు. పేరు, ఊరు, క్రిందటిమారు ఏమి చూచిరో వ్రాసికొని, జాతరకో తిరునాళ్ళకో ఒక కబురు పంపిన చాలును.

ఒక హెచ్చరిక. చిత్రములను తాకి చెరిపినను, రాళ్ళపై పేర్లు గీకినను పోయిన అందము తిరిగి రాదు. జనము పెరిగినకొలది కాపలాయు పెరుగవలెను. చూడవలసినదే చెడినచో ఎవడు మరల వచ్చును?

కావున పెద్దలారా, ఒకనాడు రచ్చబండ యొద్ద కూర్చుండి, మీ యూరిలో రెండవమారు చూడదగినవి ఏవో, వానిని చెప్పగలవారెవరో లెక్క వేయుడు. మన యింటినుండి కదలు చుట్టము పోయెదనని యనడు. పోయి వచ్చెదనని యనును. యాత్రికుడును ఆ మాటయే యని మీ పొలిమేర దాటవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.