చెక్క అంచుకు నగిషీ: రూటర్ బిట్‌ను సరిగా వాడటం ఎలా?

పీఎం విశ్వకర్మ పథకంలోని వడ్రంగి లబ్ధిదారుల కోసం

పీఎం విశ్వకర్మ కింద పనిముట్ల కోసం ₹15,000 వరకు ఈ-వోచర్ ఇస్తున్న సంగతి మీకు తెలుసు. ప్రాథమిక శిక్షణ పూర్తయ్యాక, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా ₹1 లక్ష వరకు రుణం కూడా ఉంది. వీటితో చాలామంది చేతికి ఇప్పుడు రూటర్, ట్రిమ్మర్ మెషిన్లు వస్తున్నాయి.

ఉలి, చిత్రిక మీకు ఒకరు నేర్పాల్సినవి కావు. రూటర్ సంగతి వేరు. ఉలి జారితే గాటు పడుతుంది. నిమిషానికి 30,000 చుట్లు తిరిగే బిట్ జారితే వేలే పోతుంది. లేదంటే గిరాకీ ఇచ్చిన టేకు చెక్క పాడై, దాని ఖర్చు మీ కూలీలోంచే పోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఏ బిట్ ఏ పనికి?

• రౌండ్ ఓవర్: అంచును గుండ్రంగా చేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో మంచాలకు, టీపాయ్‌లకు ఇదే మంచిది. తగిలినా గుచ్చుకోదు.
• చాంఫర్: అంచును 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తుంది. అల్మారా తలుపులకు, అరలకు బాగుంటుంది.
• కోవ్: అంచులో లోపలికి గుంటలాంటి వంపు తీస్తుంది.
• ఓజీ: లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండు వంపులు కలిపి తీస్తుంది. పూజా మందిరం పీటకు, ఫొటో ఫ్రేములకు ఎక్కువగా అడిగేది ఇదే.

అంచు పనికి కొస మీద చిన్న బేరింగ్ ఉన్న బిట్టే తీసుకోండి. ఆ బేరింగ్ చెక్క అంచుకు ఆనుకుని నడుస్తుంది, బిట్ లోపలికి దూసుకుపోకుండా ఆపుతుంది. అంచులో సొట్ట ఉంటే నగిషీలోనూ అదే సొట్ట పడుతుంది. కాబట్టి ముందు అంచును చిత్రిక పట్టి నున్నగా చేసుకోండి. బేరింగ్ ఆనడానికి కింద కనీసం 3 మి.మీ. చదును అంచు మిగలాలి.

బిట్ బిగించేటప్పుడు

1. ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.
2. బిట్ కాడ సైజు చూడండి. బజారులో 6 మి.మీ. కాడ, పావు అంగుళం కాడ (6.35 మి.మీ.) రెండూ దొరుకుతాయి. కంటికి ఒకేలా ఉంటాయి. కానీ 6 మి.మీ. కాడను పావు అంగుళం కొలెట్‌లో బిగిస్తే పట్టు సరిగా ఉండదు, పని మధ్యలో జారి ఎగిరిపోవచ్చు. బిట్ కొనేటప్పుడు మీ మెషిన్ కొలెట్ పట్టుకెళ్లండి.
3. కాడను అడుగంటా తోసి, 2 మి.మీ. పైకి లాగి అప్పుడు బిగించండి. కాడలో కనీసం ముప్పావు వంతు కొలెట్ లోపల ఉండాలి.
4. 25 మి.మీ. కంటే వెడల్పు బిట్లను వేగం తగ్గించే వీలు లేని చిన్న ట్రిమ్మర్‌లో పెట్టకండి. వేగం మార్చుకునే రూటర్‌లోనే, వేగం తగ్గించి వాడండి.

అసలు కిటుకు: ఎటు నుంచి ఎటు?

ఉదాహరణకు ఒక పూజా మందిరం పీట తీసుకుందాం. చెక్కను బల్లకు క్లాంపులతో గట్టిగా బిగించండి. మీరు చెక్క పక్కన నిలబడి, మీ పొట్ట వైపున్న అంచు మీద పని చేస్తున్నారు. మెషిన్ ఎడమ నుంచి కుడికి నడవాలి. ఆ అంచు అయ్యాక తర్వాతి అంచు వైపు మీరే తిరిగి రండి. అక్కడా ఎడమ నుంచి కుడికే.

కుడి నుంచి ఎడమకు నడిపితే ఏమవుతుంది? బిట్ చెక్కను బండి చక్రంలా పట్టుకుని మెషిన్‌ను ముందుకు లాక్కుపోతుంది. చేతికి ఆగదు. ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే.

అద్దం ఫ్రేములాంటి వాటికి లోపలి అంచు చేసేటప్పుడు దిశ మారుతుంది. బయటి అంచుకు గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా, లోపలి అంచుకు గడియారం ముల్లు తిరిగినట్టే. ఈ ఒక్క మాట గోడ మీద రాసి పెట్టుకోండి.

పెచ్చు లేవకుండా

పీట నాలుగు అంచుల్లో రెండు చెక్క నారకు అడ్డంగా ఉంటాయి. అడ్డం అంచుల చివర మూల దగ్గర పెచ్చు లేచే అవకాశం ఎక్కువ. కాబట్టి ముందు అడ్డం అంచులు రెండూ చేయండి. తర్వాత నార వెంబడి ఉన్న నిలువు అంచులు చేస్తే, మూలలో లేచిన చిన్న పెచ్చు కూడా ఆ కోతలో పోతుంది.

లోతు ఒకేసారి తీయకండి. విడతకు 3 మి.మీ. మించకుండా రెండు మూడు విడతల్లో తీయండి. ఆఖరి విడత 1 మి.మీ. లోపు పెడితే అంచు నున్నగా వస్తుంది, గరుకు కాగితం పని తగ్గుతుంది. ముందుగా అదే చెక్క తునక మీద ఒకసారి నడిపి చూసుకోండి.

అంచు నల్లగా కాలుతోందా? మెషిన్‌ను ఒకేచోట ఎక్కువసేపు ఆపుతున్నారని, లేదా బిట్ మొద్దుబారిందని అర్థం. బిట్‌కు అంటిన జిగురును చల్లారాక శుభ్రం చేయండి.

ఒంటికి రక్షణ

కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు, చెవులకు రక్షణ తప్పనిసరి. చెక్క పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. వేలాడే చొక్కా చేతులు, మెడలో తువ్వాలు, బట్ట గ్లవ్స్ వద్దు. తిరిగే బిట్ వాటిని చుట్టేసుకుంటుంది. స్విచ్ ఆపాక కూడా బిట్ పూర్తిగా ఆగేవరకు మెషిన్ కింద పెట్టకండి.

ఇంకా చేతిలో పట్టు రాలేదనిపిస్తే తొందరపడకండి. ప్రాథమిక శిక్షణలో రోజుకు ₹500 భృతి ఇస్తారు. ఆ రోజుల్లోనే బోధకుడి ముందు మీ చేత్తో నడిపి చూపించి, తప్పులు దిద్దించుకోండి. ఇంకా నమోదు కానివాళ్లు ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఫోన్ తీసుకుని దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.

మెషిన్ ప్రభుత్వ సాయంతో వచ్చింది. చేతివేళ్లు మాత్రం ఏ పథకంలోనూ రావు. ఈ పీడీఎఫ్‌ను మీ తోటి వడ్రంగులకు కూడా పంపండి.