గాజు నేత, మీటల నేత

ముంబయి బాటయు బార్డోలీ బాటయు ఒకదానినొకటి దాటిపోవు పల్సానా చార్ రస్తా వద్ద నిలిచి చూచువారికి ముందుగా కంటబడునవి రంగుల మిల్లుల పొగగొట్టములును మగ్గముల షెడ్లును. ఈ సూరతు సీమలోని మగ్గముల మీద, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి తరములకు ముందే వలసవచ్చిన పద్మశాలి కుటుంబములవారు పెక్కుమంది బ్రతుకుచున్నారని తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. అట్టి కుటుంబముల పిల్లలకు సాయంకాలములందు భౌతికశాస్త్రము చెప్పుచుండు నన్ను, పరీక్షలు ముగిసినది మొదలు తల్లిదండ్రులందరును అడుగుచున్న ప్రశ్న యొక్కటే: "సార్, పోరనికి ట్యాబు కొనాల్నా, ల్యాప్‌టాప్ కొనాల్నా?" ధర యెంత, బ్యాటరీ యెన్ని గంటలు నిలుచును, జ్ఞాపకశక్తి యెన్ని జీబీలు అను సంగతులు దుకాణదారుడే వల్లించును గనుక వానిని నేను ముట్టను. ఈ రెండు యంత్రములకు గల అసలు భేదము వాని పొట్టలో లేదు. మన వ్రేలు వానికి తగులుచోట నున్నది.

ఈ మాట నాకు తోపింపజేసినది ఒక విద్యార్థి వేసిన చిన్న ప్రశ్న. "సార్, నేను ముట్టుకుంటే ట్యాబు పలుకుతది, మా బాపు ముట్టుకుంటే పలుకుతలేదు, ఎందుకు సార్?" అని వాడు తన తండ్రిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన ఏండ్ల తరబడి మగ్గము మీద తెగిన పోగులను ముడివేసినవాడు. బొటనవ్రేలి కొసయు చూపుడువ్రేలి కొసయు కాయగట్టి, వెలుతురున పట్టిన మైనమువలె మెరయుచుండెను. ఆ వ్రేలిని గాజుమీద నుంచగా బొమ్మ కదలలేదు. గట్టిగా నొక్కినను కదలలేదు. కాయలేని ప్రక్కభాగమును ఆనించినంతనే తెర తెరచుకొనెను. బాపు చిన్నబుచ్చుకొన్నాడు గాని, నాకు మాత్రము ఆ వ్రేలికొసయందు ఒక అధ్యాయమంత శాస్త్రము కనబడినది.

ట్యాబు తెర అద్దమునకు అడుగున ఇండియము, తగరము అను రెండు లోహముల ఆక్సైడులను కలిపి చేసిన అతిపలుచని పూతను గీతలు గీతలుగా పరచుదురు. ఈ పదార్థమున కున్న విశేషమేమనగా, అది లోహమువలె విద్యుత్తును ప్రసరింపజేయును, గాజువలె వెలుతురును పోనిచ్చును. కావుననే మన కన్నులకు ఆ గీతలు కనబడవు. కొన్ని గీతలు నిలువుగను, వానినుండి ఒక పలుచని విద్యున్నిరోధకపు పొరచేత వేరుపడి మరికొన్ని అడ్డముగను సాగును. మగ్గము నెరిగినవారికి దీనిని పడుగు పేకల నేతయనిన చాలును. అయితే ఈ నేతలో పడుగును పేకయు ఒకదానినొకటి ముట్టుకొనవు. ముట్టకుండుటయే ఇందలి చమత్కారము. రెండు వాహకములు దగ్గరగా నుండియు తాకకున్నచో వాని నడుమ విద్యుదావేశము నిలుచునని కెపాసిటరు పాఠములో చదువుకొన్నదే కదా. ఇచట ప్రతి కూడలియు ఒక బుల్లి కెపాసిటరు. దాని సామర్థ్యము సుమారు ఒక పికోఫారడు, అనగా ఫారడులో లక్ష కోట్లవ వంతు.

తెరవెనుక నున్న నియంత్రక చిప్పు ఒక్కొక్క అడ్డగీతకు వరుసగా విద్యుత్స్పందనమును పంపుచు, ప్రతి నిలువుగీత వద్ద ఎంత అందినదో కొలుచుచుండును; తెర మొత్తమును ఈ రీతిగా సెకనునకు అరువది సార్లో, నూట ఇరువది సార్లో తడవి చూచును. అడ్డగీతనుండి నిలువుగీతకు పోవు విద్యుత్‌క్షేత్రరేఖలు కొన్ని తిన్నగా పోక, గాజుపైకి వంపుతిరిగి మరల దిగుచుండును. ఉప్పునీటితో నిండిన మన దేహము మంచి వాహకము గనుక, వ్రేలు గాజునకు ఆనగానే ఆ వంపురేఖలలో కొన్నింటిని తనవైపు లాగుకొనును. ఆ కూడలి వద్ద అందవలసిన ఆవేశము కొంచెము తగ్గును. తగ్గిన ఆ పికోఫారడులోని పదవవంతో, అంతకంటె తక్కువయో కనిపెట్టుటయే స్పర్శను తెలిసికొనుట. తెర మన నొక్కుడును గాని, వేడిమిని గాని ఎరుగదు. చిప్పు గ్రహించునది ఒక చిన్న దొంగతనమును మాత్రమే. ఇంకొక విచిత్రము: గీతలకు గీతలకు నడుమ దూరము సుమారు అయిదు మిల్లీమీటర్లుండియు, చిప్పు వ్రేలి స్థానమును మిల్లీమీటరులో చిన్న భాగము వరకు చెప్పగలదు. ఏలయన వ్రేలు ఏకకాలమున ఇరుగుపొరుగు కూడలులనుండియు ఆవేశమును దొంగిలించును; ఎచట ఎంత పోయినదో లెక్కగట్టి, ఆ నష్టముల గురుత్వకేంద్రమెచటనో చూచినచో వ్రేలి నడిబొడ్డు తేలును.

బాపు వ్రేలి రహస్యము ఇక విప్పనక్కరలేదు. కాయగట్టిన చర్మము ఎండిన కవచము. వాహకమైన మాంసము దాని వెనుక దూరముగా నుండుటవలన దొంగతనము తగ్గును. మెత్తని వ్రేలు గాజుపై అణగి విశాలముగా పరచుకొనును, గట్టిపడినది బిందువువలె నిలుచును, అందువలనను తగ్గును. గట్టిగా నొక్కుటకంటె తడిగుడ్డను వ్రేలికొసకు అద్దుకొనుట మేలని చెప్పితిని, అటుపిమ్మట పలికినది.

ఈ నేతకు ఒక దయ్యపు కథ కూడ కలదు, నాకు మిక్కిలి ప్రియమైనది. తొలినాటి కొన్ని తెరలలో కూడలిని కొలువక, ఒక్కొక్క గీతను విడివిడిగా కొలిచెడివారు. ఒక వ్రేలికి ఇది చాలును. రెండు వ్రేళ్ళు పెట్టినచో రెండు అడ్డగీతలును రెండు నిలువుగీతలును మేల్కొనును. అవి కలియు కూడలులు నాలుగు. వానిలో నిజమైన వ్రేళ్ళు ఏ రెండు, దయ్యములు ఏ రెండు? గీతలను మాత్రమే అడిగినచో జవాబు దొరకదు. ప్రతి కూడలిని వేరువేరుగా ప్రశ్నించు పద్ధతి వచ్చిన పిమ్మటనే పది వ్రేళ్ళును పది వ్రేళ్ళుగా తెలిసినవి. చిత్రమేమనగా సరిగా ఇదే దయ్యము ల్యాప్‌టాప్ కీబోర్డునను కాపురముండెను. దగ్గర దగ్గర నూరు మీటలకు నూరు తీగలు లాగుట దండుగ గనుక, అచటను అడ్డవరుసలు నిలువువరుసలుగా తీగలు పరచి, మీట నొక్కినపుడు ఆ కూడలి కలియునట్లు చేసిరి. చిప్పు వానినికూడ వరుసగా తడవుచుండును. ఒక దీర్ఘచతురస్రపు మూడు మూలలనున్న మీటలను ఏకకాలమున నొక్కినచో, విద్యుత్తు చుట్టుదారిన పోయి, ఎవ్వరును నొక్కని నాల్గవ మూలనున్న మీట కూడ నొక్కబడినట్లు తోచును. కూడలి కూడలికి ఒక డయోడు పెట్టి ఈ దయ్యమును వదలించువారు కొందరు. షిఫ్టు, కంట్రోలువంటి మీటలను వేరు తీగలపై నుంచి సరిపుచ్చువారు మరికొందరు. కావున అడుగున చూడగా ట్యాబును ల్యాప్‌టాపును ఒకే నేత. ఒకదానిలో పోగులు ముట్టుకొనరాదు, రెండవదానిలో ముట్టుకొనుటకే అవి యున్నవి.

ఆ చిన్న భేదమునుండియే పెద్ద భేదము పుట్టినది. మీట క్రింద చిన్న రబ్బరు గుబ్బ యుండును. అది కుంగుటకు సుమారు ఏబది అరువది గ్రాముల బరువు కావలెను. అంతకు తక్కువైనచో మీట పలుకదు. కావున వ్రేళ్ళను మీటలపై ఆనించి ఆలోచించుచు కూర్చుండవచ్చును. ఎఫ్, జే మీటలపై నున్న చిన్న గీతలు చూపుడువ్రేళ్ళకు తమ స్థానమును చెప్పును. కన్నులు తెరపైననే యుండును. గాజునకు ఈ ఓర్పు లేదు. దానికి ఆనుటయు ఆజ్ఞయు ఒకటే. చేతులు గాలిలో తేలియుండవలెను, కన్నులు అక్షరము వెదకుటకు క్రిందికిని, వ్రాసినది చూచుటకు పైకిని తిరుగుచుండవలెను. పైగా తెరమీది మీటలు తెరలో సగము కబళించును.

ఇందలి వైపరీత్యమేమనగా, బహుస్పర్శ విద్యను తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడైన వేన్ వెస్టర్‌మన్ అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయమున పరిశోధకుడై యుండగా, మీటలు నొక్కి నొక్కి చేతులు నొప్పి పుట్టుటవలననే నొక్కనక్కరలేని తలమును గురించి యోచించెను. ఆచార్యుడైన జాన్ ఎలియాసుతో కూడి ఆయన 1998లో స్థాపించిన ఫింగర్‌వర్క్స్ సంస్థ చేసిన కీబోర్డులో కదలు మీటలు లేవు. అయినను ఆనిన చేతిని, ఆజ్ఞాపించు వ్రేలిని వేరుపరచు నేర్పు దానికి కలదు. 2005లో ఆపిల్ ఆ సంస్థను కొనెను. 2007లో ఐఫోను వెలసెను. రెండు చేతులు ఆనించుటకు చోటులేని ఆ చిన్న తెరమీద విశ్రాంతి ప్రశ్న లేకపోయెను. తెర పెద్దదై ట్యాబైనపుడు ఆ ప్రశ్న మరల తలయెత్తినది.

దీనికంటె ముందరి చరిత్రను నేను త్వరగా దాటెదను. ఇంగ్లండులోని మాల్వర్న్ రాడారు పరిశోధనాలయమున ఇ. ఏ. జాన్సన్ 1965లోనే స్పర్శతెరను వర్ణించెను. జెనీవాలోని సెర్న్‌లో బెంట్ స్టంప్ 1972లో కెపాసిటరు తెరకు రూపమీయగా, అది అచటి మహాయంత్రపు నియంత్రణశాలలో వాడుకకు వచ్చెను. సామ్ హర్స్ట్ వేరొక త్రోవ త్రొక్కి, రెండు పొరలను నొక్కి కలుపు తెరను చేసెను. ఈ తెర గోటికి లొంగును, పుల్లకు లొంగును, బాపు కాయవ్రేలికిని లొంగును. 2011 అక్టోబరు 5న మన దేశమున వెలువడి, హైదరాబాదులో కూర్చబడిన చౌక ట్యాబు ఆకాశ్‌కు పెట్టినది ఈ తెరయే. మరుసటి యేడు వచ్చిన ఆకాశ్-2కు కెపాసిటరు తెర పెట్టిరి. నొక్కుడు తెర పేదవాని వ్రేలికి తగినదైనను, తేలికగా జారు వ్రేలిని అది పట్టుకొనలేకపోయెను.

ఇక ల్యాప్‌టాపు పెద్దన్న. అలన్ కే 1972లో పిల్లలకై ఊహించిన డైనాబుక్, చదువుటకు పలకయు వ్రాయుటకు మీటలును గల ఒకే వస్తువు. ఈ పోటీయే లేని కల అది. బిల్ మాగ్‌రిడ్జ్ రూపకల్పన చేసిన గ్రిడ్ కంపాస్ 1982లో తెరను మీటలపై మూతవలె మడిచినది. 2010లో ఐప్యాడు ఆ మీటలను ఊడబెరికినది. అటుపిమ్మట ప్రభుత్వములును పక్షములు పట్టినవి. తమిళనాడు 2011నుండి విద్యార్థులకు ల్యాప్‌టాపులు పంచెను; గుజరాతు 2017లో కళాశాల మొదటి యేటివారికి వేయి రూపాయలకు నమో ట్యాబు నిచ్చెను; ఆంధ్రప్రదేశము 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతివారికిని ఉపాధ్యాయులకును అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచెను.

మీటలే మేలను నా పక్షమునకు గట్టి సాక్ష్యము మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ చరిత్రలో నున్నది. 2012లో ఆ ట్యాబునకు రెండు విధముల మూతలు అమ్మిరి: ఒకటి కదలని మీటల పలుచని టచ్ కవర్, రెండవది కదలు మీటల టైప్ కవర్. రెండేండ్లకు మూడవ సర్ఫేస్ ప్రో వచ్చునప్పటికి పలుచనిది మాయమై, కదలు మీటలది మిగిలెను.

అయితే ఎదుటిపక్షమునకు ఒక బలమైన వాదము కలదు. సూరతు తెలుగు ఇండ్లలో అది మరింత బలమైనది. దుకాణమున అమ్ము ల్యాప్‌టాపు మీటలపై నుండునవి ఇంగ్లీషు అక్షరములే. భారత ప్రభుత్వము 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్టు అమరికలో ఎడమచేతివైపు అచ్చులు, కుడిచేతివైపు హల్లులు అని ఎంత చక్కగా కుదిర్చినను, ఏ మీట క్రింద 'ళ' యున్నదో మనసున పెట్టుకొనవలసినదే. గాజునకు తనదైన లిపి లేదు గనుక అన్ని లిపులును దానివే: బడిలో గుజరాతీ చదువు పిల్ల, తెలుగులో అత్తకు ఉత్తరము వ్రాయు తల్లి, హిందీలో లెక్క వ్రాయు తండ్రి, ముగ్గురును ఒక్క తాకుడుతో తమ అక్షరములను తెరపై రప్పించుకొందురు. మీటల పక్షపాతినైన నేనును దీనికి జవాబు చెప్పలేను.

కావున నా తీర్పు ఇది. చదువుట, చూచుట, వినుట, బొమ్మ గీయుట, నాలుగు పంక్తుల కబురు పంపుట ముఖ్యమైన ఇంటికి ట్యాబు చాలును, ల్యాప్‌టాపు దండుగ. రోజునకు ఒక పుట కంటె ఎక్కువ వ్రాయువారికిని, ట్యాలీలో పద్దులు వేయు వాణిజ్య విద్యార్థికిని, కోడు వ్రాయ నేర్చుకొనువానికిని ల్యాప్‌టాపే. ట్యాబును కొని దానికి కీబోర్డును, నిలువుకాలును తరువాత తగిలింతుమని యెంచువారు వాని ధరలను ముందే కూడుకొనవలెను. ఒడిలో పెట్టుకొన్నపుడు ఆ కూర్పు ఎట్లు ఒరుగునో కూడ చూడవలెను.

దుకాణమునకు పోవునపుడు మీరు కొనదలచిన రెండింటిపైనను మీ భాషలో పది పంక్తుల ఉత్తరమును పూర్తిగా వ్రాసి చూడుడు. అదియు ఛార్జరు తగిలించి, ఏలయన నాసి ఛార్జరు పుట్టించు విద్యుద్రొద వలన లేని వ్రేళ్ళను తెర చూచును. ఇంటిలో కాయగట్టిన చేతులవారున్నచో వారినికూడ వెంట తీసికొనిపోయి, వారి వ్రేలితోనే తెరిపించి చూచిన తరువాత డబ్బు చెల్లింపుడు.