కథకుని గొంతు – వెండితెర చూపు

మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలలో కథకుడు మణిసిద్ధుడను యతి. మజిలీ మజిలీకి గోపడు ఏదో వింత చూచి ప్రశ్నించును. యతి కథగా బదులు చెప్పును. ఉర్దూ దాస్తాన్‌గో ఎదుట కూర్చున్న శ్రోతవలె గోపడు విన్నదే నమ్మవలెను. ఎవరు దుష్టుడో, ఎవరు ధన్యుడో తేల్చునది ఆ ఒక్క గొంతే.

ఆ కథల ఆధారముననే 1951లో విజయా సంస్థ ‘పాతాళభైరవి’ని నిర్మించినది. రచన పింగళి నాగేంద్రరావు, దర్శకత్వము కె.వి.రెడ్డి. తెరపై యతి లేడు, గోపడు లేడు. మన నూజివీడులో జన్మించిన ఎస్.వి.రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడు తన ఆశను తన నోటనే పలుకును. అతని ఓటమిని కోరుచునే ప్రేక్షకుడు అతని మాటకై చెవి యొగ్గును. ఇది మూలమునకు ద్రోహము కాదని మా అభిప్రాయము. పాత్రకు సొంత గొంతు లభించినది.

అయితే తెరకును పక్షపాతమున్నది. మాంత్రికుడు తోటరాముని బలి ఇవ్వజూచినపుడు జడిసిన మనము, రాముడు అతనినే బలి ఇచ్చినపుడు సంతసింతుము. ఆత్మరక్షణ నిజమే, కాని కెమెరా మొదటినుండి రాముని ప్రక్కనే నడచుట కూడ నిజమే. స్వేచ్ఛ తీసుకొనుట దోషము కాదు. అది ఎవరి పక్షమో గమనింపకుండుటయే దోషము. విద్యార్థి మిత్రులు పుస్తకము చదివినను, చిత్రము చూచినను, ‘ఈ కథ చెప్పుచున్నదెవరు?’ అని ముందుగా ప్రశ్నింతురు గాక!