మైపాడు ఇసుక నుంచి మంచు కొండకి

మైపాడు ఒడ్డున తెల్లారకముందే పడవ దింపే మత్స్యకారుణ్ని చూడండి. వల విప్పి చిరుగులున్నాయేమో వెతుకుతాడు. తాడు చేత్తో తడిమి చూస్తాడు. ఇంజను ఒకసారి తిప్పి చూసుకుంటాడు. ఆ తర్వాత తలెత్తి ఆకాశాన్ని చూస్తాడు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ రోజుకి వేట లేనట్టే. నడిసముద్రంలో కొట్టు ఉండదు మరి!

మంచు కొండకు పోయేవాళ్లకీ అదే సూత్రం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే నెల్లూరుకీ మంచుకీ ఏం సంబంధం అంటారా? ఉంది. సంగం మండలం గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబే ఆ సంబంధం.

ఏడు కొండలు... ఏడు మూటలు

కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు మస్తాన్‌బాబు. అదే బడిలో చదివి, 1985లో ఎవరెస్ట్ యాత్రలో ప్రాణాలు కోల్పోయిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావే ఆయనకు స్ఫూర్తి. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కోల్‌కతా ఐఐఎం. పెద్ద జీతాల దారి వదిలి కొండదారి పట్టాడు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ మాసిఫ్ ఎక్కాడు. అదే ఏడాది జులై 10న అలాస్కాలోని డెనాలీ ఎక్కాడు. ఈ మధ్యలో మరో అయిదు. మొత్తం ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలు, 172 రోజుల్లో! ఇంకో చమత్కారం... గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమ... ఒక్కో శిఖరం మీద వారంలో ఒక్కో రోజు అడుగుపెట్టాడు.

ఈ ఏడింటికీ ఒకే సామాను సరిపోతుందా? సరిపోదు. ఆస్ట్రేలియాలోని కాజియాస్కో (2,228 మీటర్లు) వేసవిలో మంచి నడక బూట్లుంటే చాలు. కిలిమంజారో అడుగున అడవి, పైన గడ్డకట్టే చలి. డెనాలీలో సామాన్లు స్లెడ్జి మీద లాక్కుంటూ, స్కీలో మంచు చెప్పులో కట్టుకుని హిమనదం దాటాలి. అందుకే మొదట తేల్చుకోవలసింది 'ఏ కంపెనీ కొనాలి' అని కాదు... 'ఏ కొండకి, ఏ నెలలో, ఏం చేయడానికి' అని.

నూలుకి సెలవు

మన ఒంటికి అలవాటైన నూలుబట్ట ఎండకి హాయి, మంచుకి శత్రువు. చెమట పీల్చుకుని తడిసి, అలాగే ఉండిపోతుంది. ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. దానికి గాలి తోడైతే చెప్పేదేముంది! అందుకే పొరలు. లోపల చెమటను బయటికి పంపే పాలిస్టర్ లేదా మెరినో ఉన్ని బనియను, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ తడీ చొరని జాకెట్. ఆగినప్పుడు వేసుకోడానికి ఈకల నూగుతో చేసిన డౌన్ జాకెట్. అది తేలిక, వెచ్చన. కానీ తడిస్తే పనికిరాదు. తడి మంచు కురిసే చోటికి సింథటిక్ దూది నింపినదే మేలు.

బూటు కుదిరితే సగం గెలిచినట్టే

డబ్బు ఒక్కదానికే ఉందనుకుంటే, అది బూట్లకే పెట్టండి. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రంపూట, మందపాటి మేజోళ్లతో వేసి చూడాలి. మడమ లేవకూడదు. ముందుకు వంగి దిగేటప్పుడు వేళ్లు కొసకి తగలకూడదు. బిగుతైతే రక్తం ఆడదు. వేళ్లు మొద్దుబారి, చివరికి తీసేయాల్సిన పరిస్థితి కూడా రావచ్చు.

బూటు అడుగున బిగించే ముళ్ల చట్రం క్రాంపన్. బూటుకీ దీనికీ జత కుదరాలి. మెత్తటి అడుగున్న బూటుకి పట్టీల క్రాంపనే నప్పుతుంది. నిలువు మంచు ఎక్కాలంటే అస్సలు వంగని అడుగు, ముందుకు పొడుచుకొచ్చిన ముళ్లు కావాలి. అల్యూమినియంవి తేలిక, స్కీ యాత్రకి చాలు. గట్టి మంచుకి మాత్రం ఉక్కువే.

గొడ్డలి కూడా అంతే. మంచు వాలు మీద నడవడానికి పొడుగైన, తిన్నటి పిడి ఉన్నది ఒకటి. గడ్డకట్టిన జలపాతం ఎక్కడానికి వంపు పిడి ఉన్నవి రెండు. తాడు విషయంలో ఓ హెచ్చరిక: నైలాన్ తాడే కదా అని పడవ తాడు పట్టుకెళ్లొద్దు. ముందు ఎక్కేవాడు జారితే, కొండ తాడు కాస్త సాగి ఆ కుదుపును మింగుతుంది. మంచుకి 'డ్రై' పూత ఉన్నదే తీసుకోవాలి. లేకపోతే తడిసి, గడ్డకట్టి ఇనుప చువ్వలా అయిపోతుంది.

స్కీ... ఎక్కడానికీ, దిగడానికీ

లిఫ్టులు లేని కొండల్లో స్కీయింగ్ అంటే ముందు ఎక్కాలి. దానికి బిగింపులు వేరు. ఎక్కేటప్పుడు మడమ స్వేచ్ఛగా లేస్తుంది, దిగేటప్పుడు బిగుసుకుంటుంది. స్కీ అడుగున అంటించే 'స్కిన్' ముందుకు జారనిస్తుంది, వెనక్కి జారనివ్వదు. అయితే మొదటి పాఠం ఔలీ, గుల్మార్గ్‌ల తయారైన వాలు మీదే నేర్చుకోవాలి.

అది దాటి బయటికి పోతే మూడు వస్తువులు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి: సంకేతాలు పంపే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్, పార. హిమపాతంలో కూరుకుపోయినవారు బతికే అవకాశం మొదటి పావుగంట దాటితే వేగంగా పడిపోతుంది. బయటినుంచి సాయం వచ్చేలోపు తవ్వేది పక్కనున్న స్నేహితుడే. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్ అఫర్వత్ వాలులో హిమపాతానికి ఇద్దరు పోలెండ్ స్కీయర్లు బలయ్యారు.

ఉప్పుగాలితో జాగ్రత్త

ఇది మన తీరం వాళ్లకి ప్రత్యేకం. కొండ నుంచి తెచ్చిన ఉక్కు ముళ్లని మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె తుడవకపోతే కొన్నాళ్లకే తుప్పు. అల్యూమినియం కొక్కేలనీ ఉప్పు తింటుంది. వేడి, తేమ కలిస్తే కొన్ని బూట్ల పాలియురెథేన్ అడుగు వాడకపోయినా లోలోపలే పొడైపోతుంది. బీరువాలో అయిదారేళ్లు దాచిన బూట్లను ముందు ఇంటి దగ్గరే వంచి చూసుకోండి. తాడును ఎండలోగానీ, బ్యాటరీ ఆసిడ్ దగ్గరగానీ పెట్టొద్దు.

అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీల్లోని పర్వతారోహణ సంస్థల ప్రాథమిక కోర్సుల్లో ముఖ్యమైన పరికరాలు వాళ్లే ఇస్తారు. అక్కడ వాడి చూశాక బూట్లు, హెల్మెట్, నడుముకి కట్టే హార్నెస్ సొంతానికి కొనుక్కోవచ్చు. గొడ్డలి, క్రాంపన్ అద్దెకీ దొరుకుతాయి. చరిత్ర తెలియని పాత తాడు, పాత హార్నెస్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

సంచిలో పట్టనిది

2015 మార్చిలో అర్జెంటీనా-చిలీ సరిహద్దులోని 6,749 మీటర్ల సెర్రో ట్రెస్ క్రూసెస్ సుర్ మీదికి వెళ్లాడు మస్తాన్‌బాబు. తిరిగి రాలేదు. గాలింపులో ఏప్రిల్‌లో మృతదేహం కనిపించింది. అదే నెలలో సొంతూరికి చేరింది. ఏడు ఖండాల మంచు చూసిన మనిషి ఆయన. ఏ కొండకి ఏం కావాలో ఆయనకి తెలిసినంతగా తెలిసినవాళ్లు మన జిల్లాలో లేరు. అయినా కొండ దక్కనివ్వలేదు.

అంటే సామాను దండగనా? కాదు. మంచి తాడు, మంచి బూటు మనిషికి ఇచ్చేది కాస్త వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో ఏం చేయాలన్నది మనిషే తేల్చుకోవాలి. మైపాడు మత్స్యకారుడు తాడు తడిమాక చివరగా ఆకాశం వంక ఎందుకు చూస్తాడో గుర్తుచేసుకోండి. వల బాగున్నా, పడవ బాగున్నా, గాలి బాగాలేని రోజున అతను ఇంటిదారి పడతాడు.

సముద్రం రేపూ ఉంటుంది. కొండ కూడా అంతే!