నమ్మదగిన తుపాకి ఏది?

పెరట్లో చేతి పంపు ఉన్న ఇల్లూ, బావికి మోటారు బిగించుకున్న ఇల్లూ పక్కపక్కనే ఉంటే వేసవిలో ఒక తమాషా చూడవచ్చు. కరెంటు సరిగా ఉన్నన్నాళ్లూ మోటారువారు చేతి పంపువారిని చూసి జాలిపడుతుంటారు. కరెంటు పోయిన రోజున బిందె చంకనబెట్టుకుని ఆ పంపు దగ్గరికే వెళతారు. అలాగని చేతి పంపుదే పైచేయి అనడానికీ వీల్లేదు. కొట్టే మనిషికి జబ్బ పట్టేసిననాడు అదీ మూలపడుతుంది.

సరిగ్గా ఇటువంటి తగవే నూరేళ్లకు పైగా తుపాకుల లోకంలోనూ సాగుతోంది. చేత్తో వెనక్కూ ముందుకూ ఆడించి తూటా ఎక్కించుకునే పంపు తుపాకి నమ్మదగినదా, లేక తన తూటా తానే మార్చుకునే సెమీ ఆటోమాటిక్ తుపాకి నమ్మదగినదా? వేటగాళ్లూ, సైనికులూ, పోలీసులూ దీనిమీద ఎంతైనా వాదిస్తారు. మన ఇళ్లల్లో తుపాకులు లేకపోయినా ఈ వాదం మనకూ వినదగినదే. ఎందుకంటే దీని వెనుక ఒక మేధావి కథా, ఒక కంపెనీ పంతం కథా, ఆ పంతానికి ప్రాణాలిచ్చిన అమాయకుల కథా ఉన్నాయి.

షాట్‌గన్ అంటే

పాత జమీందారీ ఇళ్ల గోడలమీద వేలాడిన జంటగొట్టాల తుపాకి చాలామందికి గుర్తుండే ఉంటుంది. షాట్‌గన్ అంటే ఆ జాతిదే. రైఫిల్ గొట్టం లోపల మరచుట్లు ఉంటాయి. దీని గొట్టం నున్నగా ఉంటుంది. ఒక్క గుండుకు బదులు తూటా నిండా చిన్న చిన్న సీసపు గుళ్లుంటాయి. పేల్చగానే అవి చేటలోంచి చల్లినట్టు విచ్చుకుంటాయి. ఎగిరే పిట్టను కొట్టడానికి పుట్టిన ఆయుధం ఇది. “12 బోరు” అనే మాటకు అర్థం కూడా తమాషాగా ఉంటుంది. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను తూగుతాయన్నమాట. అంటే గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు రోజులు ముగిశాయి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఇంట్లో ఉంచుకోకూడదు. 2019 సవరణ తరువాత లైసెన్సున్న మామూలు మనిషికి కూడా రెండు తుపాకులకు మించి వీల్లేదు. కాబట్టి ఈ వాదం పుట్టిందీ, పెరిగిందీ ముఖ్యంగా అమెరికాలోనే.

జంటగొట్టాల తుపాకిలో రెండే దెబ్బలు. మూడోదానికి తుపాకిని మధ్యకు విరిచి మళ్లీ తూటాలు పెట్టుకోవాలి. ఆ తీరిక లేనివాళ్ల కోసం పంపు తుపాకి వచ్చింది. దాని గొట్టం కింద ఇంకో సన్నని గొట్టం ఉంటుంది. అందులో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరసగా నిలుస్తాయి. ఎడమచేతి కింద జారే చెక్కపిడి ఒకటుంటుంది. దాన్ని వెనక్కు లాగితే కాలిన డొల్ల బయటికి ఎగిరిపడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది.

సెమీ ఆటోమాటిక్‌లో, సులువు కోసం ఆటో తుపాకి అందాం, చేతికి ఆ పని లేదు. పేలినప్పుడు వెనక్కు తన్నే తాపునో, గొట్టంలో పుట్టిన వాయువునో వాడుకుని తుపాకే డొల్లను విసిరేసి తరువాతి తూటాను ఎక్కించుకుంటుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుతుంది. అందుకే దానికి “సెమీ” అన్న తోక.

ఇద్దరు బిడ్డలకూ తండ్రి ఒక్కడే

విచిత్రమేమంటే ఈ రెండు రకాల్లోనూ పేరు మోసిన తొలి తుపాకులను రూపొందించినవాడు ఒకే మనిషి. ఆయన జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో అమెరికాలోని యూటా ప్రాంతంలో, ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి తుపాకులు బాగుచేసే కమ్మరి. కొడుకు ఆ కొలిమి దగ్గరే పెరిగాడు.

బ్రౌనింగ్ చేసిన పంపు తుపాకిని వించెస్టర్ కంపెనీ మెరుగుపరచి 1897లో అమ్మకానికి పెట్టింది. 1957 దాకా అది పది లక్షలకు పైగా తయారయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు దీన్ని ఫ్రాన్సులోని కందకాలకు తీసుకువెళ్లారు. ఇరుకు కందకంలో ఎదురుపడ్డ శత్రువుమీద దాని దెబ్బ ఎంత భయంకరంగా ఉండేదంటే, 1918 సెప్టెంబరులో జర్మనీ ప్రభుత్వం అధికారికంగా అభ్యంతరం తెలిపింది. ఇటువంటి తుపాకితోగాని, దాని తూటాలతోగాని పట్టుబడ్డ సైనికుణ్ని చంపుతామని హెచ్చరించింది. అలా చేస్తే తామూ ప్రతీకారం తీర్చుకుంటామని అమెరికా బదులిచ్చింది. నవంబరులో యుద్ధమే ముగిసింది.

అంతటి తుపాకినీ కందకాల్లో ఏడిపించినది శత్రువు కాదు, తేమ. ఆనాటి తూటాల ఒళ్లు గట్టి కాగితంతో చేసేవారు. బురదలో, వానలో నానితే అవి వానాకాలపు తలుపులా ఉబ్బిపోయేవి. ఉబ్బిన తూటా గొట్టంలోకి దూరదు, దూరినా బయటికి రాదు. చివరకు సైన్యంవారు ఇత్తడి తూటాలు చేయించుకోవలసి వచ్చింది. తుపాకిని తిట్టేముందు తూటాను చూడాలన్న పాఠం అక్కడే మొదలయింది.

ఆ తుపాకిలో ఇంకో గుణం కూడా ఉంది. మీటమీద వేలు తీయకుండా పిడిని ఆడిస్తే, ముందుకు తోసిన ప్రతిసారీ పేలుతుంది. యుద్ధంలో దాన్ని వరమనుకున్నారు. ఇంట్లో, పిల్లల మధ్య, అదే గుణం శాపం. తరువాతి పంపు తుపాకుల్లో ఆ గుణాన్ని తీసేయడం మామూలయింది.

వద్దన్నవారికి వచ్చిన కష్టం

ఇక ఆటో తుపాకి కథ. బ్రౌనింగ్ దానికి 1900లో పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పటిదాకా వించెస్టర్ కంపెనీ ఆయన దగ్గర ఒక్కో నమూనాను ఏకమొత్తానికి కొనేసేది. ఈసారి ఆయన అలా ఒప్పుకోలేదు. అమ్మిన ప్రతి తుపాకిమీదా తనకు వాటా కావాలన్నాడు. కంపెనీ అధినేత బెనెట్ కుదరదన్నాడు. చిరకాలపు స్నేహం అక్కడితో తెగింది.

బ్రౌనింగ్ నమూనా తీసుకుని రెమింగ్టన్ కంపెనీకి వెళ్లాడు. 1902 జనవరి 8న దాని అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీని కలవడానికి ఎదురుచూస్తూ కూర్చున్నాడు. లోపలినుంచి పిలుపుకు బదులు కబురు వచ్చింది. హార్ట్‌లీ గుండె ఆగి చనిపోయాడు. బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్లి, హెర్‌స్టాల్ పట్నంలోని తుపాకుల కర్మాగారంతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. “ఆటో–5” అని పేరు పొందిన ఆ తుపాకి దాదాపు వందేళ్లు తయారయింది.

అది గొప్ప తుపాకే. కాని దానికీ ఒక పేచీ ఉంది. పేలగానే గొట్టమంతా వెనక్కు జారి మళ్లీ ముందుకు వస్తుంది. ఆ వేగాన్ని అదుపు చేయడానికి లోపల రాపిడి కట్టులుంటాయి. బలమైన తూటాలకు వాటినొక విధంగా, తేలిక తూటాలకు మరొక విధంగా అమర్చుకోవాలి. మరచిపోయి తేలిక తూటా వేస్తే యంత్రం సగంలో ఆగుతుంది. బలమైనది వేస్తే తుపాకి తన ఒంటిని తానే బాదుకుంటుంది. పేరుకు ఆటో అయినా దాని తిండి విషయం మనిషే చూసుకోవాలన్నమాట.

వించెస్టర్‌వారికి తమదంటూ ఒక ఆటో తుపాకి లేకపోవడం చిన్నతనమయింది. కాని బ్రౌనింగ్ పేటెంట్లు కంచెలా అడ్డునిలిచాయి. అందులో ఒకటి, లోపలి తూటాను లాగడానికి తుపాకి పక్కన ఉండే చిన్న పిడి. అది పెట్టుకునే హక్కు లేదు. చివరకు 1911లో పిడి లేకుండానే ఒక తుపాకి తెచ్చారు. తూటా ఎక్కించాలంటే గొట్టాన్నే గుప్పిట పట్టి వెనక్కు లాగాలి. అందుకోసం గొట్టంమీద కొంతమేర గరుకు కూడా చేశారు.

మామూలు రోజుల్లో అది బాగానే పనిచేసేది. కాగితపు తూటా ఉబ్బి లోపల బిగుసుకున్న రోజునే వచ్చేది ప్రమాదం. గొట్టం చేత్తో లాగితే కదిలేది కాదు. అప్పుడు కొందరు మడమను నేలకు ఆనించి, నిలువుగా పట్టుకుని, రెండు చేతులతో గొట్టాన్ని కిందికి అదిమేవారు. గొట్టం మూతి సరిగ్గా మొహానికి ఎదురుగా ఉండేది. ఉన్నట్టుండి తూటా పేలేది. అలా కొందరు చనిపోయారు. ఆ తుపాకికి జనం పెట్టిన పేరును మన మాటల్లో చెప్పాలంటే “పుస్తెలు తెంచే తుపాకి”. 1925లో దాని తయారీ ఆగింది. అప్పటికే 80 వేలకు పైగా జనంలోకి వెళ్లిపోయాయి.

ఒక చిన్న పిడి లేకపోవడం ఇంత పని చేసింది! వాటా ఇవ్వనన్న పంతం మొదట కంపెనీకి నష్టం తెచ్చింది. ఆ తరువాత ఆ బేరంతో ఏ సంబంధమూ లేని ఇల్లాళ్లమీద పడింది.

కుక్కరు గాస్కెట్టూ, ముంజేయీ

ఆ తరువాత రెండు జాతులూ బాగా ఎదిగాయి. రెమింగ్టన్‌వారు 1950లో తెచ్చిన “870” అనే పంపు తుపాకి 2009 నాటికి కోటి తయారయింది. అదే కంపెనీ 1963లో తెచ్చిన “1100” ఆటో తుపాకి కూడా లక్షల్లో అమ్ముడుపోయింది. ఒకే ఇంటివి కనుక ఈ రెంటినీ పక్కపక్కన పెడితే మన ప్రశ్నకు జవాబు తేలుతుంది.

1100లో పేలినప్పుడు పుట్టే వాయువు కొంత ఒక చిన్న రంధ్రంగుండా కిందికి దిగి యంత్రాన్ని వెనక్కు తోస్తుంది. వాయువు వృథాగా పోకుండా అక్కడొక రబ్బరు చుట్టు ఉంటుంది. మన ప్రెషర్ కుక్కరులో గాస్కెట్టు ఏమి చేస్తుందో అక్కడ ఇది అదే చేస్తుంది. చుట్టు ఎండి పగిలితే తుపాకి మొరాయిస్తుంది. మందు మసి పేరుకుని రంధ్రం పూడినా అంతే. తూటాలో మందు తక్కువైతే యంత్రాన్ని తోసే బలమే చాలదు. మోటారుకు వోల్టేజి తగ్గినట్టన్నమాట.

870కి ఈ బాధలేవీ లేవు. తూటా బలమైనదైనా, నీరసమైనదైనా, అసలు పేలకపోయినా, పిడి లాగితే బయటికి వచ్చేస్తుంది. అందుకే రబ్బరు గుళ్లవంటి బలహీనమైన తూటాలు వాడే పోలీసులు పంపునే పట్టుకున్నారు. అయితే ఇక్కడ రబ్బరు చుట్టు ఉండవలసిన చోట మనిషి ముంజేయి ఉంది. భయంతోనో, కంగారుతోనో పిడిని పూర్తిగా లాగకుండా సగంలోనే ముందుకు తోస్తే డొల్ల బయటికి పోదు, లేదా కొత్త తూటా ఎక్కదు. పిట్టను కొట్టేటప్పుడు పొరపాటైతే పిట్ట బతికిపోతుంది. ప్రాణంమీదికి వచ్చిన వేళ చెయ్యి వణికితే సంగతి వేరు. చెయ్యికి గాయమైతే పంపు కర్రముక్కతో సమానం.

ఇటలీవారు ఈ చిక్కు తీర్చడానికి 1979లో ఒక ఉపాయం పన్నారు. ఫ్రాంకీ కంపెనీ తెచ్చిన “స్పాస్–12” అనే తుపాకి ఆటోగానూ పనిచేస్తుంది, ఒక మీట మారిస్తే పంపుగానూ పనిచేస్తుంది. బలమైన తూటాకు మోటారు, నీరస తూటాకు చేతి పంపు! కాని రెండు యంత్రాలూ ఒకే ఒంట్లో ఇమిడేసరికి అది బరువెక్కింది, చిక్కుముడీ అయింది.

అదే ఇటలీలోని బెనెల్లి కంపెనీ తుపాకిని 1999లో అమెరికా సైన్యం ఎంచుకుంది. అది ఆటో. తూటా బలాన్నిబట్టి తన వాయువును తానే సర్దుకుంటుంది. శుభ్రంగా ఉంచి, తగిన తూటా వేస్తే ఆటోను నమ్మకూడదన్న పాత మాట ఇక చెల్లదని దానితో తేలిపోయింది. 1960లో ప్లాస్టిక్ తూటాలు వచ్చాక కాగితం ఉబ్బే బాధా చాలావరకు పోయింది.

మరి ఏది మేలు?

పంపు తుపాకి ఏ తూటానయినా క్షమిస్తుంది, మసినీ మట్టినీ కొంతవరకు ఓర్చుకుంటుంది, కాని పట్టుకున్నవాడి తడబాటును క్షమించదు. ఆటో తుపాకి చేతి తడబాటును చాలావరకు కాచుకుంటుంది, కాని అశ్రద్ధనూ, తగని తూటానూ క్షమించదు. లోపం రెంటిలోనూ ఉంది, ఉన్న చోటే వేరు. రోజూ సాధన చేసేవాడికి పంపు, యంత్రాన్ని శ్రద్ధగా తుడిచి నూనె వేసేవాడికి ఆటో నమ్మకస్తులు. రెండూ చేయనివాడికి ఏదీ నమ్మకం కాదు.

పందెంలో ఒక్క దెబ్బ తప్పినా పతకం పోయే క్రీడాకారులు ఏం చేస్తారో కూడా చూడండి. ఎగిరే మట్టి పళ్లేలను కొట్టే ట్రాప్ పోటీలో మన హైదరాబాదువాడు కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణమూ, తనకు తానుగా కాంస్యమూ తెచ్చాడు. ఆ పోటీల్లో ఎక్కువమంది చేతుల్లో కనిపించేది పంపూ కాదు, ఆటో కాదు. పైనొకటీ కిందొకటీ గొట్టాలున్న పాత జాతి తుపాకి! ఒక పళ్లేనికి రెండు తూటాలకు మించి అక్కర లేనప్పుడు కదిలే భాగాలు ఎంత తక్కువైతే అంత మంచిది. పైగా దాన్ని మధ్యకు విరిచి పట్టుకుంటే, లోపల తూటా ఉందో లేదో పక్కనున్నవాడికి కూడా కనిపిస్తుంది.

ఈ చివరి మాటే అసలు మాట. తుపాకి నమ్మకం గురించి వాదించేవాళ్లు సాధారణంగా ఒక్కటే అడుగుతారు: పేలవలసినప్పుడు పేలుతుందా? 1911 నాటి ఆ తుపాకి రెండో ప్రశ్న నేర్పింది: పేలకూడనప్పుడు పేలకుండా ఉంటుందా? మొదటి ప్రశ్న వేటగాడిది, సైనికుడిది. రెండోది ఇంట్లో ఎదురుచూసే వాళ్లది.

బ్రౌనింగ్ 1926 నవంబరు 26న హెర్‌స్టాల్‌లోని ఆ కర్మాగారంలోనే, పని మధ్యలో, గుండె ఆగి చనిపోయాడు. పంపునూ ఆటోనూ రెంటినీ చేసిన ఆ చేతులు తమ ఆటో తుపాకికి తూటా లాగే పిడి పెట్టడం మాత్రం మరవలేదు.