మెదడులో ఇనుము: స్కానింగు చెప్పేది, చెప్పనిది

చేయి వణుకుట, నడక మందగించుట, కండరాలు బిగుసుకొనుట పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు. మనవారు దీనిని వణుకుడు రోగమంటారు. ఈ రోగుల మెదడులో ఇనుము అధికంగా చేరుతుందని విన్న కుటుంబాలు, "అయితే ఆకుకూరలు మానిపించాలా? రక్తహీనతకిచ్చిన ఇనుము మాత్రలు ఆపాలా?" అని కలవరపడుతుంటాయి. ఆ కలవరం తీరాలంటే ఆ ఇనుమును ఎట్లు కొలుస్తారో, ఆ కొలత ఎంతవరకు అక్కరకు వస్తుందో తెలియాలి.

మధ్య మెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న భాగమున్నది. కదలికలను క్రమపరచే డోపమిన్ అనే రసాయనాన్ని అక్కడి కణాలు తయారుచేస్తాయి. పార్కిన్సన్ వ్యాధిలో క్షీణించేవి ఈ కణాలే. మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు అక్కడ ఇనుము హెచ్చుగా ఉన్నదని 1980లలో కొలిచి చూపారు.

బ్రతికి ఉన్నవారిలో దానిని ఎం.ఆర్.ఐ. యంత్రంతో అంచనా వేస్తారు. బడిలో దిక్సూచి ప్రక్కన ఇనుప మేకు ఉంచితే ముల్లు పక్కకు తిరుగుట పిల్లలు చూచినదే. ఇదీ అటువంటిదే. యంత్రంలోని బలమైన అయస్కాంతం వల్ల శరీరంలోని నీటి నుండి సంకేతాలు వెలువడతాయి. ఇనుము ఉన్నచోట అయస్కాంత క్షేత్రం కొంచెం చెదిరి, సంకేతం త్వరగా సన్నగిల్లుతుంది. ఎంత త్వరగా సన్నగిల్లినదో లెక్కించి ఇనుము పరిమాణాన్ని అంచనా కడతారు. ఇందులో కోత లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు.

మరి ఆ ఇనుమును తీసివేస్తే వ్యాధి తగ్గునా? ఐరోపాలో 372 మంది కొత్త రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2022లో వెలువడినవి. సగం మందికి ఇనుమును తొలగించే డెఫెరిప్రోన్ మందును 36 వారాలు ఇచ్చారు. స్కానింగులో ఇనుము తగ్గినది. కాని రోగ లక్షణాలు మందు తీసుకోని వారికన్న ఎక్కువగా ముదిరినవి. డోపమిన్ తయారీకి కూడా ఇనుము అవసరమే కదా!

కనుక స్కానింగులోని అంకెను చూచి ఇనుమును శత్రువుగా భావించరాదు. వయస్సుతోపాటు ఆరోగ్యవంతుల మెదడులోనూ కొన్నిచోట్ల ఇనుము పెరుగుతుంది. ఈ కొలత నేటికీ ప్రధానంగా పరిశోధనకే ఉపకరిస్తున్నది; వ్యాధి నిర్ధారణకు నరాల వైద్యుని పరీక్షే ఆధారం. తిన్న ఆకుకూరలోని ఇనుము తిన్నగా మెదడుకు చేరదు. రక్తానికి, మెదడుకు నడుమ కట్టుదిట్టమైన అడ్డుగోడ ఉన్నది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వణుకుకు ఇచ్చే లెవోడోపా మాత్రతో కలిపి ఇనుము మాత్ర మింగితే మొదటిది ఒంటికి సరిగా పట్టదు. రెండింటి నడుమ ఎంత వ్యవధి ఉండాలో వైద్యుని అడిగి తెలుసుకోండి. మీ అంతట మీరు ఏ మాత్రనూ ఆపకండి.