నగ నచ్చినా ఒళ్లు ఒప్పుకోదు

గిల్టు దిద్దులు పెట్టుకున్న రెండో రోజుకే చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారుతున్నాయా? చాలావరకు ఆ పని నికెల్‌ది. దానికి తోడుదొంగలు కోబాల్ట్, క్రోమియం. ఈ లోహాల గురించి కొన్ని విశేషాలు:

◆ గట్టి లోహంగా ఉన్నంతసేపు నికెల్ చర్మం జోలికి రాదు. చెమటలోని ఉప్పు దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అలా ఊడివచ్చిన అయాన్లు చర్మంలోకి ఇంకి, అక్కడి ప్రోటీన్లకు అతుక్కుంటాయి. రక్షణ వ్యవస్థ వాటిని పరాయివిగా లెక్కగట్టి దాడికి దిగుతుంది. చెమట పట్టే కాలంలో దురద ఎక్కువ కావడం అందుకే.

◆ ఈ అలర్జీ మొదటి పరిచయంలో బయటపడదు. అప్పటికి రక్షణ వ్యవస్థలోని టి కణాలు ఆ లోహాన్ని గుర్తుపెట్టుకుంటాయంతే. ఆ తర్వాత మళ్లీ తగిలితే ఒకటి నుంచి మూడు రోజుల్లో దద్దురు, నీటిపొక్కులు వస్తాయి. ఏళ్ల తరబడి పడిన గొలుసే ఒకనాడు పడకపోవచ్చు. ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

◆ ప్రయోగశాల ఎలుకలకు నికెల్ అలర్జీ తెప్పించడం కష్టం. కారణం 2010లో తేలింది. మన కణాల మీద ఉండి రక్షణ వ్యవస్థను మేల్కొలిపే టిఎల్ఆర్4 అనే గ్రాహకంలో నికెల్‌ను పట్టుకునే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్నాయి. ఎలుకల గ్రాహకంలో ఆ చోట అవి లేవు.

◆ మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఈ అలర్జీ ఎక్కువ. చెవులు, ముక్కు కుట్టించుకోవడం అందుకు పెద్ద కారణం. పచ్చి గాయంలో నికెల్ ఉన్న కమ్మి పెడితే అయాన్లకు అడ్డే ఉండదు. కుట్టగానే మేలిమి బంగారు తీగ చుట్టే మన అలవాటు ఈ లెక్కన మంచిదే.

◆ మచ్చ ఎక్కడుందో చూసి డాక్టర్లు దోషిని ఊహిస్తారు. బొడ్డు కింద ఉంటే జీన్స్ గుండీ లేదా బెల్టు బకిల్. మణికట్టు మీద ఉంటే వాచీ, లేదా గాజులకు తగిలించుకున్న పిన్నీసు.

◆ శస్త్రచికిత్స పరికరాల్లో వాడే 316ఎల్ రకం స్టీలులో నికెల్ 10 నుంచి 14 శాతం. అయినా దానితో ఇబ్బంది అరుదు. పైనున్న పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర నికెల్‌ను బయటికి రానివ్వదు. ఎంత ఉందన్నది కాదు, ఎంత వదులుతుందన్నదే ముఖ్యం.

◆ చట్టమూ అదే కొలుస్తుంది. డెన్మార్క్ 1990లో, యూరోపియన్ యూనియన్ 1994లో నికెల్‌కు హద్దు పెట్టాయి. ఒంటిని అంటిపెట్టుకునే వస్తువు ఒక చదరపు సెంటీమీటరు నుంచి వారానికి 0.5 మైక్రోగ్రాములకు మించి వదలకూడదు. ఆ తర్వాత చెవులు కుట్టించుకున్న డెన్మార్క్ అమ్మాయిల్లో అలర్జీ బాగా తగ్గింది.

◆ రెండు లోహాల యూరో నాణేలను కృత్రిమ చెమటలో ముంచితే, ఆ హద్దుకు 240 నుంచి 320 రెట్లు నికెల్ వచ్చిందని 2002లో తేలింది. చెమట తగిలితే ఆ రెండు లోహాలూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి. నాణెం చేతిలో ఉండేది క్షణాలే కనుక చట్టం దాన్ని పట్టించుకోలేదు. మన స్టీలు రూపాయి బిళ్లలో నికెల్ లేదు. అది 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం.

◆ తాపీ మేస్త్రీల చేతులు పగిలి పుండ్లు పడటానికి తడి సిమెంటు ఘాటుతోపాటు అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం కూడా కారణం. ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే అది అంతగా హాని చేయని మూడు వేలెన్సీ రూపంలోకి మారుతుంది. క్రోమియంతో ఊనిన తోలు చెప్పులు పాదాల పైభాగాన ఇలాంటి దద్దురే తెప్పించవచ్చు.

◆ రాగి ఉంగరం కింద పడే పచ్చమచ్చ అలర్జీ కాదు. కడిగితే పోతుంది.

◆ అలర్జీని తేల్చే ప్యాచ్ టెస్టుకు 1895లో శ్రీకారం చుట్టినవాడు యాడసోన్ అనే జర్మన్ వైద్యుడు. ఇప్పటికీ వీపు మీద అనుమానమున్న పదార్థాలు పూసిన పట్టీలు 48 గంటలు అంటించి ఉంచే చూస్తారు.

◆ నగను పరీక్షించడం మరీ తేలిక. డైమిథైల్ గ్లయాక్సిమ్ ద్రావణంలో ముంచిన దూదితో రుద్దితే, నికెల్ వదిలే నగ దూదిని గులాబీ రంగుకు తిప్పుతుంది. రంగు తేలిందంటే, అలర్జీ ఉన్నవాళ్లు ఆ నగను కొట్లోనే వదిలేసి రావడం మేలు.